టీ అలవాటు లేని అరుణకుమారి

శిరివెళ్ల చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినైనా అడగండి, నర్సమ్మ అరుణకుమారికి టీ అలవాటు లేదనే చెప్తారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పల్లెల్లో తిరిగి, పిల్లలకు సూదులేసి, పురుళ్లు పోసి, మాట వినని బాలింతలకు చీవాట్లు పెట్టి రిటైరైన మనిషి ఆమె. ఇన్నేళ్లలో ఎవరింట్లోనూ ఒక్క గుక్క టీ తాగింది లేదు. ఆళ్లగడ్డలో ఆమె ఇంటికి వచ్చి చూస్తే కదా అసలు సంగతి తెలిసేది! పొద్దున లేవగానే పెద్ద గ్లాసుడు, ప్రార్థన అయ్యాక ఇంకో గ్లాసు, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక మరొకటి. టీ పొడి నిండుకున్న రోజు ఇంట్లో ఎవరూ ఆమె జోలికి పోరు.

ఆ అబద్ధం ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పుట్టింది. ఒక ఊళ్లో పెద్ద రైతు కోడలికి నొప్పులొస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది. మెడకు పేగు చుట్టుకున్న బిడ్డను బయటికి తీసి, వీపు తట్టి, ఏడిపించి, తల్లి పక్కన పడుకోబెట్టింది. అంతా అయ్యాక చేతులు కడుక్కుని వసారాలోకి వస్తే, ఆ ఇంటి పెద్దామె పశువుల కొట్టం వైపు చెయ్యి చూపించింది. అక్కడ చూరులో టెంకాయ చిప్ప ఉంది, కడుక్కుని తెచ్చుకుంటే టీ పోస్తానంది. మాలపల్లె నుంచి పనికి వచ్చేవాళ్ల కోసం దోపి ఉంచిన చిప్ప అది. నర్సమ్మ కూడా అలాంటి పల్లె నుంచే వచ్చిందని ఆ ఇంటికి అప్పటికే తెలిసిపోయింది. వాళ్ల మనవడి బొడ్డు కోయడానికి పనికొచ్చిన చేతులు వాళ్ల ఇంటి గ్లాసు ముట్టుకోవడానికి పనికి రాకుండా పోయాయి. సిగ్గన్నా ఉండాలి కదా మనుషులకు!

తనకు టీ అలవాటు లేదని చెప్పి, సంచి భుజాన వేసుకుని వచ్చేసింది అరుణకుమారి. ఆ తర్వాత ఏ ఇంట్లో అడిగినా అదే మాట. మంచివాళ్లు స్టీలు గ్లాసు చేతికందించినా అదే మాట. ఎవరు ఏ గిన్నెలో పోస్తారోనని గుమ్మం దగ్గర నిలబడి చూసే ఖర్మ తనకెందుకనుకుంది. కూతురు ఫెబాకు కూడా ఈ సంగతి చెప్పలేదు. బిడ్డ ఎవరి గడప ముందూ తడబడకుండా పెరగాలన్నది ఆమె పంతం.

ఫెబా అలాగే పెరిగింది. నంద్యాలలో కాలేజీ లెక్చరర్ అయింది. తనతో డిగ్రీ చదివిన గీతాంజలి వాళ్ల అవ్వగారి పాత మిద్దెను బాగుచేయించి, పాతకాలపు పద్ధతిలో టీ శాల తెరిచింది. అమ్మను ఒక్కసారన్నా అక్కడికి తీసుకెళ్లాలని ఫెబా పట్టుపట్టింది. అరుణకుమారి కూడా కాదనలేదు. డబ్బిచ్చి తాగే చోట తననెవరేమంటారు? గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, నిజం చెప్పాలంటే ముచ్చటపడుతూనే నంద్యాల బస్సెక్కింది.

చోటు బాగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. నున్నటి నాపరాళ్ల అరుగులు, నూనె పట్టించిన చెక్క స్తంభాలు, ఇత్తడి చెంబుల్లో మల్లెలు. మూడంతస్తుల పళ్లెంలో నిప్పట్లు, కజ్జికాయలు, అరచేతిలో పట్టేంత ఓలిగలు. అరుణకుమారి వసారాలో మెత్త మీద కూర్చుని ఒక నిప్పటు కొరికింది. కారం వెయ్యడానికి చేతులు రాలేదా వీళ్లకు అని కూతురి చెవిలో అని నవ్వింది కూడా.

అప్పుడు టీ వచ్చింది. టెంకాయ చిప్పల్లో వచ్చింది.

మెరుగు పెట్టి, అడుగున ఇత్తడి కట్టు వేసిన చిప్పలు. వాటి వెనకే గీతాంజలి కూడా వచ్చి నిలబడింది. ఆ పిల్ల ముఖం సంతోషంతో వెలిగిపోతోంది.

"ఇవే మా స్పెషల్, ఆంటీ. మా అవ్వ వాళ్ల పశువుల కొట్టం చూరులో రెండు దొరికినాయి. వాటిని చూసే ఇవన్నీ చేయించినా. మన పెద్దోళ్లు ఎంత సింపుల్‌గా బతికినారో చూడండి."

అరుణకుమారికి చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల మాటలో కల్మషం లేదు. ఆమెకు అదే ఎక్కువ మంట పుట్టించింది. తెలిసి చేస్తే నాలుగు తిట్టొచ్చు. తెలిసినవాళ్లేమో హాయిగా కన్నుమూశారు. చేసిందంతా కడుపులో దాచుకుని, మనవరాలికి చిప్పలు మాత్రం మిగిల్చిపోయారు.

పాత అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. అది చెప్పి ఊరుకుంటే కూతురి స్నేహానికి ఏమీ కాదు, ఇన్నేళ్లు దాచినదీ బయటపడదు. కానీ పక్కన ఫెబా రెండు చేతులతో చిప్ప ఎత్తి, వాసన బాగుందంటూ నోటి దాకా తెచ్చింది. అరుణకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

"తాగొద్దు. కింద పెట్టు."

ఫెబా బిత్తరపోయింది. అరుణకుమారి గీతాంజలి వైపు తిరిగింది.

"మీ అవ్వ దీంట్లో టీ తాగతాంటే నువ్వెప్పుడన్నా చూసినావామ్మా?"

గీతాంజలి చూడలేదంది. అవ్వ వెండి గ్లాసులోనే తాగేదని, అది ఇప్పటికీ బీరువాలో ఉందని చెప్పింది.

"తాను తాగేది బీరువాలో పెట్టుకున్న మనిషి, ఈ చిప్పల్ని పశువుల కొట్టంలో ఎవురి కోసం పెట్టిందో అడిగినావా?"

ఆ పిల్లకు అప్పటికీ అర్థం కాలేదు. ఇక దాచడమెందుకని అరుణకుమారి అంతా చెప్పింది. ఆ ఊరు, ఆ పురుడు, పెద్దామె చూపించిన చూరు, తాను ఆడిన అబద్ధం. గొంతు పెంచలేదు గానీ ఒక్క మాటా మింగలేదు. ఫెబా రెప్ప వేయకుండా తల్లినే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ వెంట ఊళ్లు తిరిగినప్పుడు, మా అమ్మ బయట టీ తాగదని అందరికంటే ముందు గొప్పగా చెప్పింది తనే.

గీతాంజలి ముఖం పాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఆ బాధ నిజమైనదే.

"సారీ ఆంటీ, నాకు నిజంగా తెలీదు. మీకు వేరే కప్పులో తెప్పిస్తా."

"నాకొక్కదానికే వేరేగా వద్దు," అంది అరుణకుమారి. "ఈడున్న చిప్పలన్నీ తీసెయ్. అందరికీ గ్లాసుల్లో పొయ్యి. ఆటిల్లోనే నాకూ పొయ్యి. అంతదాకా ఈడనే కూచుంటా."

గీతాంజలి తల తిప్పి చూసింది. వసారా నిండా జనం చిప్పలు పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తోచక ఫెబా వైపు చూసింది. ఫెబా తన చిప్పను, తల్లి చిప్పను తీసి టీ తెచ్చిన ట్రేలో పెట్టి, ఆ ట్రే పట్టుకుని పక్క బల్ల దగ్గరికి నడిచింది.