ఇద్దరు కాపలాదారులు, ఒక సైకిల్ చైన్

ఏడాదిగా మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు ఆఫీసు బస్సులో వెళ్తున్నాను. ఆ దారిలో ఏముందని ఎవరైనా అడిగితే, ముందున్న బండి వెనక అద్దం తప్ప నాకేమీ తెలియదు. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే సైకిల్ తీశాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో వేసిన సైకిల్ ట్రాక్ మీద తొక్కాలన్నది అసలు కోరిక. మా ఆయన దుప్పట్లోంచే "పంక్చరైతే నాకు ఫోన్ చెయ్యకు" అని దీవించి అటు తిరిగి పడుకున్నాడు.

ఆరుకల్లా బయలుదేరితే రోడ్డంతా మీ సొంతమే అనిపిస్తుంది. మెట్రో దగ్గర్నుంచి ఆల్విన్ చౌరస్తాకు వచ్చి ఎడమకు తిరిగితే హఫీజ్‌పేట ఫ్లైఓవర్. అక్కడ గేరు తగ్గించడానికి మొహమాటపడకండి, నేనైతే దిగి నడిచాను కూడా. తర్వాత కొండాపూర్, కొత్తగూడ, బొటానికల్ గార్డెన్, గచ్చిబౌలి, చివరికి నానక్‌రామ్‌గూడ. బొటానికల్ గార్డెన్ దాటకముందు రోడ్డు పక్కన ఒక టిఫిన్ బండి ఉంది. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, అల్లం చట్నీ ఎంత అడిగితే అంత. నేను ఆగింది ఆ చట్నీ కోసమే.

బండి పక్కన నీలం యూనిఫాంలో ఒకాయన సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, తెగిన చైన్‌ను చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. నేను ఇడ్లీ అడగబోతే బండి ఆమె గరిటెతో అటు చూపించింది. "ముందుగాల ఆ అన్నను జర చూడక్కా. నీ దగ్గర సామాన్ల సంచి ఉన్నది గదా. ఇడ్లీ ఏడికి పోదు."

ఆయన పేరు నర్సింహులు. నానక్‌రామ్‌గూడలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ. ఆయనా, ఐలయ్య అనే ఇంకొకాయనా హఫీజ్‌పేటలో ఒకే గదిలో కిరాయికి ఉంటారు. అదే గేటు దగ్గర ఒకరిది పగటి డ్యూటీ, ఇంకొకరిది రాత్రి. ఫ్లాటు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళెవరో ఇచ్చిపోయిన ఈ గేర్ల సైకిల్ ఇద్దరికీ కలిపి ఒకటే. డ్యూటీకి వచ్చినవాడు దీన్ని తెస్తాడు, దిగినవాడు దీని మీద ఇంటికి పోతాడు.

"ఐలయ్య భార్యకు నొప్పులొస్తున్నయి మేడం. కొండాపూర్ల దవాఖానల ఉన్నది. ఆపరేషన్ అంటున్నరు. ఆమె తల్లిగారోళ్ళు ఇంకా నారాయణపేట బస్సులనే ఉన్నరు. ఆయన వచ్చేదాంక లోపలికి పోనని ఏడుస్తుందంట."

"మరి ఐలయ్యగారు వెళ్ళిపోవచ్చు కదండీ?"

"ఎట్ల పోతడు? నేను పోయి నిలబడ్డంకనే ఆయన గేటు ఇడవాలె. ఇడిస్తే ఉద్యోగం పాయె."

ఆటో బుక్ చేద్దామని చూశాను. రెండుసార్లూ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని రద్దు చేశారు. షేర్ ఆటోలు నిండితే గానీ కదలవు. ఇంతలో మళ్ళీ ఐలయ్య ఫోన్. నర్సింహులు "వస్తున్న, వస్తున్న" అంటూనే తెగిన చైన్ కొసలను మళ్ళీ మళ్ళీ దగ్గరికి లాగి చూస్తున్నాడు. ఎవరో తెలియని ఆమె కోసం అంత కంగారు పడతానని నేను అనుకోలేదు.

నా సైకిలే ఇచ్చేద్దామనుకున్నాను గానీ, చైన్ కలపడం ఐదు నిమిషాల పనే అనిపించింది. నా సంచిలో క్విక్ లింక్ ఉంది. రెండు ముక్కలుగా వచ్చే చిన్న కొలికి అది. నాది ఎనిమిది గేర్ల సైకిల్, ఆయనది ఏడు, కాబట్టి సరిపోతుంది. చైన్ పిన్ను తీసే పనిముట్టుతో విరిగిన లింకును పూర్తిగా తప్పించాను. రెండు కొసల్లో ఒక్కో ముక్క పెట్టి కలిపాను. సైకిల్‌ను తిప్పి నిలబెట్టి, ఆ కొలికిని చైన్ పైవరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద గట్టిగా తొక్కితే టక్కున కూర్చుంది. నేను గొప్పగా లేచి నిలబడ్డాను. ఆయన ఎక్కి రెండు తొక్కులు తొక్కాడో లేదో గరగరమని ఒకటే మోత.

వెనక గేరు కింద చైన్ వెళ్ళే చోట చిన్న ఇనుప నాలుక ఉంటుంది. దాని లోపలి నుంచి తీయాల్సిన చైన్‌ను తొందరలో బయటి నుంచి తీశాను. నా బుర్రకు దండం పెట్టాలి. ఇప్పుడు మళ్ళీ విప్పాలి. కూర్చున్న లింకు చేత్తో రాదు, ప్లయర్ నా దగ్గర లేదు. "గట్టి తాడేమైనా ఉందా అన్నా?" అంటే, ఆయన మెడలోని విజిల్ తాడు తీసి ఇచ్చాడు. దాన్ని లింకుకు రెండు వైపులా చుట్టి, ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని లాగితే లింకు ఊడింది. ఈసారి చైన్‌ను సరైన దారిలో ఎక్కించి, ఒకటికి రెండుసార్లు చూసి కలిపాను. మోత లేదు. ఆయన థాంక్స్ అన్నాడో లేదో కూడా వినపడనంత వేగంగా గచ్చిబౌలి వైపు వెళ్ళిపోయాడు.

సైకిల్ ట్రాక్ చాలా బాగుంది. తలమీద ఎండ పడదు, హారన్ల గోల దూరంగా వినిపిస్తుంది. కానీ నిజం చెప్పాలంటే నేను దాన్ని సగమే చూశాను. లింకు సరిగ్గా కూర్చుందా, ఎక్కడైనా ఊడిపోయిందా అన్న ఆలోచనే. ఆగలేక, తిరిగి వస్తూ నర్సింహులు చెప్పిన గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఉన్నాడు. సైకిల్ లేదు.

"ఐలయ్య పోయిండు మేడం. నేను దిగుడుతోనే ఎక్కిండు."

ఆ మాట పూర్తవుతుండగానే ఫోన్ మోగింది. ఆయన దాన్ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, లోపలికొచ్చే కారుకు గేటు తీస్తూనే విన్నాడు. గేటు వేసి నా వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆడపిల్లంట. ఇద్దరూ మంచిగున్నరంట. ఐలయ్య ఉరుక్కుంట పోతే, ఆయన చెయ్యి పట్టుకొనే ఆమె ఆపరేషన్ గది దాంక పోయిందంట. మన చేతుల నుంచి హ్యాండిల్‌కు అంటిన చైన్ మసంతా ఆయన చేతికి, ఆమె చేతికి అంటిందంట. కడుక్కొని రాపో అని సిస్టరమ్మ తిట్టినా ఆమె ఇడువలేదంట."

ఈ ఊళ్ళో ఎన్ని గేట్లలోంచి లోపలికి వెళ్ళానో నాకు లెక్క లేదు. గేటు తీసే మనిషి తన చోటికి ఇంకొకరు వచ్చేదాకా కదలలేడని ఆ పొద్దున్నే తెలిసింది. ఆ వచ్చే మనిషి ఏ రోడ్డు మీద, ఏ బండి మీద వస్తున్నాడో అని ఇప్పుడు బస్సు కిటికీలోంచి వెతుకుతుంటాను.

మీరు ఇలా బయలుదేరేటట్టయితే ఒక్క మాట. మీ సైకిల్ వెనక ఎన్ని గేర్లున్నాయో చూసుకుని దానికి సరిపడే క్విక్ లింక్ కొనండి. ఆరు, ఏడు, ఎనిమిదికి ఒకటే సరిపోతుంది, అంతకు మించితే వేరేది కావాలి. ఒకటి కాదు, రెండు పెట్టుకోండి. నాది హఫీజ్‌పేటకూ నానక్‌రామ్‌గూడకూ మధ్య ఇప్పటికీ రోజూ తిరుగుతోంది. దాన్ని నేను వెనక్కి అడగను.