బావ కడిగిన మిషన్

పొద్దున నడకకు వెళ్లే మా మున్సిపాలిటీ పార్కులోకి కిందటి వారం గడ్డి కోసే కొత్త యంత్రం వచ్చింది. నాలుగు చక్రాలు, స్టీరింగు, మీద కూర్చోవడానికి సీటు ఉన్న ఎర్రటి బండి. నడకకు వచ్చిన పెద్దవాళ్లందరం నడక మానేసి దాని చుట్టూ నిలబడ్డాం. ఒకాయన మనవడికి పంపాలని ఫొటో కూడా తీసుకున్నాడు. గంట తిరక్కుండానే పార్కు మొత్తం చదునుగా కోసేసిన డ్రైవరు, పని కాగానే మొక్కలకు నీళ్లు పెట్టే పైపు లాక్కొచ్చి బండిని కడగబోతుంటే, నాకు తెలియకుండానే "వద్దు, నీళ్లు కొట్టకు" అని గట్టిగా అరిచేశాను. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ డ్రైవరు నవ్వి, మంచినీళ్లే కదా సార్ అన్నాడు. నిజమే, మంచినీళ్లే.  

నాతో పాటు నడిచేవారికి నేను గల్ఫ్‌కు వెళ్లొచ్చానని తెలుసు, అక్కడేం చేశానో తెలియదు. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోయాడనే అంటారు. నేను పోయింది బహ్రెయిన్‌కు, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో. అంతకుముందు పదేళ్లు ఒక దినపత్రికకు మండలం వార్తలు పంపేవాడిని. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి డబ్బులిచ్చే ఉద్యోగం అది, దానితో ఇల్లు గడవదని వేరే చెప్పాల్సిన పని లేదు. అప్పటికే బహ్రెయిన్‌లో ఉన్న మా బావ, అంటే మా అక్క భర్త, తన కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బుతో మాట్లాడి నాకూ వీసా తెప్పించాడు. ఆ కఫీల్ తోటపని కాంట్రాక్టులు చేసే చిన్న యజమాని. విల్లాల కాంపౌండ్లలో చెట్లు కత్తిరించడం, నీళ్లు పెట్టడం, పచ్చిక కోయడం మా పని. మామీర్‌లో క్యాంపు, ఫ్యాక్టరీల పొగ వాసన మధ్య ఆరుగురికో గది.

పచ్చిక కోయడానికి మాకు ఉన్నవి తోసుకుంటూ పోయే మిషన్లు. వాటిని మేం నూకుడు మిషన్లు అనేవాళ్లం. పిడి మీద ఒక అడ్డకమ్మీ ఉంటుంది, దాన్ని పిడితో కలిపి నొక్కి పట్టుకున్నంతసేపే ఇంజను తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఆగస్టు ఉక్కలో, సముద్రం మీది తేమంతా ఒంటికి అంటుకున్నట్టుండే రోజుల్లో, అక్కడ పచ్చిక మూడో రోజుకే మళ్లీ పెరిగేది. అప్పటికి బావకు యాభై దాటాయి. పదమూడేళ్లుగా నూకుతున్న నడుము అది. పొద్దున లేవాలంటే ముందు పక్కకు దొర్లి, మోచేయి ఆనించి, గోడ పట్టుకుని లేచేవాడు. కఫీల్ చెడ్డవాడు కాదు గానీ కళ్లున్నవాడు. వీసా గడువు ఆరు నెలల్లో ముగియబోతోందనగా, ఈ ముసలాయనకు మళ్లీ వీసా కొట్టించాలా అని ఫోర్‌మన్‌తో అన్న మాట మా చెవిన పడింది. బావ చిన్న కూతురు అప్పుడు నర్సింగు చదువుతోంది, ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. "ఒక్క వీసా పడితె చాలురా బామ్మర్దీ, పిల్ల గడ్డన పడ్డంక నేనే టికెట్ కోసుకుంట" అనేవాడు బావ. నమాజు వేళకు కఫీల్ మసీదుకు పోతుంటే, ఆయన వెనక నడిచే నీడను కూడా తొక్కకుండా పక్కకు జరిగేవాడు. నాకు అది చూడబుద్ధి అయ్యేది కాదు.

అటువంటి రోజుల్లో బావకు దొరికిన దారి కూర్చుని నడిపే మిషన్. కాంపౌండ్ మధ్యలో పెద్ద మైదానం ఉందని, నలుగురు నూకే పని అటువంటి మిషన్ మీద ఒక్కడే చేస్తాడని, కొత్తది కొనక్కర్లేదని, హిద్‌లోని పాత సామాన్ల యార్డులో ఒకటి ఉందని కఫీల్‌కు తనే చెప్పాడు. మేం ముగ్గురం వెళ్లి చూశాం. ఓడల నుంచి దింపిన తుక్కు మధ్య, పచ్చ రంగు పోయి, సీటు చిరిగి, ఒక చక్రంలో గాలి లేక పక్కకు ఒరిగి ఉంది. నేను వెనక నిలబడి, ఇది ఎందుకూ పనికిరాదని మనసులో అనుకున్నాను. బావ మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సంతలో ఎడ్లను చూసినట్టు వంగి అడుగు భాగం చూసి, ఇంజను మీద అరచేయి పెట్టి, "మంచి పనిమంతురాలురా, గాకపోతె సరిగ తిండి పెట్టలే" అన్నాడు. ఇంజను మూడోసారికి అందుకుంది. కఫీల్ నవ్వాడు. ఈ మిషన్ నడిచినంతకాలం నువ్వే డ్రైవరువి, నీ వీసా నా పూచీ అన్నాడు. ఆ మాట పత్రిక వాడిలా నేను గుర్తుపెట్టుకున్నాను. నడిచినంతకాలం.

ఆ తర్వాత నాలుగు నెలలు మా బావ జీవితంలోకెల్లా ఎక్కువ సుఖపడిన రోజులని ఇప్పటికీ అనిపిస్తుంది. తలకు తువ్వాలు చుట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చుని పోతుంటే, నూకుడు మిషన్‌తో అంచులు కోస్తున్న నన్ను చూసి, "ఏంరా పేపరాయనా, జర జల్ది నడువు, దొర బండి వస్తున్నది" అని ఎకసెక్కమాడేవాడు. సాయంత్రం డ్యూటీ కాగానే చేసే మొదటి పని దాన్ని కడగడం. ఊళ్లో ఉన్నప్పుడు మడి దున్ని వచ్చాక ఎడ్లను కడగనిదే తన కాళ్లు కడుక్కునేవాడు కాదు, ఆ అలవాటు బహ్రెయిన్‌లో కూడా పోలేదు. తోట పైపు నేను పట్టుకుంటే, వంగలేని ఆ మనిషి తడి నేల మీద వెల్లకిలా పడుకుని, కత్తులు తిరిగే ఇనుప గంగాళం వంటి ఆ అడుగు భాగంలోకి చేయి పెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగేవాడు. చూడటానికి బర్రె పొదుగు కడుగుతున్నట్టే ఉండేది. ఆ తోట నీళ్లు బావి నీళ్లు. నోట్లో పోసుకుంటే ఉప్పు. తాగే నీళ్లు వేరే ట్యాంకరులో వచ్చేవి.

రెండో నెలలో ఒక బేరింగు పోతే, సిత్రా వైపు షెడ్డులో మిషన్లు బాగుచేసే పాకిస్తానీ భాయ్ వచ్చి మార్చాడు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, అడుగు భాగంలోని ఎర్రటి పొరను గోటితో గీకి చూపి, "పానీ మత్ మారో భాయ్, సూఖా బ్రష్ మారో" అన్నాడు. నీళ్లు కొట్టొద్దు, పొడి బ్రష్షుతో దులిపితే చాలని. నేను ఆ రాత్రి అన్నం తినేటప్పుడు బావకు చెప్పాను. చెప్పానంటే చెప్పాను, అంతే. ఆయన ముద్ద కలుపుతూ, "ఎద్దును కడగకుంటె గజ్జి లేస్తది, ఇనుమును కడగకుంటె తుప్పు లేస్తది. నీ భాయ్ ఎన్నడన్న మడి దున్నిండా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్క మొగుడికి పని నేర్పేంత పెద్దవాణ్నా అనుకున్నాను. మరుసటి సాయంత్రం మళ్లీ పైపు నేనే పట్టుకున్నాను.

వీసా గడువు ఇంకో నెల ఉందనగా, కాంపౌండ్ మేనేజరు మైదానం చూసి మా కాంట్రాక్టు పొడిగించాలో లేదో తేలుస్తాడని, రెండు రోజుల్లో అంతా కోసి ఉంచాలని కఫీల్ చెప్పి వెళ్లాడు. ఆ రోజు పది గంటలకు మిషన్ కింద నుంచి ఏదో చిరిగినట్టు చప్పుడైంది. ఆపి చూస్తే అడుగు గంగాళం ఒక పక్క ఊడి వేలాడుతోంది. భాయ్‌ని పిలిపించాం. ఆయన వెల్డింగ్ పెట్టిన ప్రతి చోటా అతకడానికి బదులు కొత్త చిల్లు పడింది. "యే లోహా నహీఁ, పాపడ్ హై" అని కళ్లద్దాలు తీసేశాడు. ఇది ఇనుము కాదు, అప్పడం, నీళ్లు తినేశాయి అన్నాడు. బావ ఎండలో బోర్లా పడుకుని, ఆ తుప్పు పెచ్చును అరచేతిలో పొడి చేసుకుంటూ కాసేపు చూశాడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "నేను కడిగిన నీళ్లేనారా?" అని అడిగాడు. కాదు బావా, పాత మిషన్ కదా, మనకన్నా ముందే తినేసింది అన్నాను.

ఆ మధ్యాహ్నం హిద్ యార్డుకు పరుగెత్తాం. వాళ్ల దగ్గర వేరే రకం మిషన్ గంగాళం ఉంది, మాదానికి పట్టదు. భాయ్ గడ్డం పట్టుకుని "ఏమన్న చెయ్యి భాయ్, ఏమన్న చెయ్యి" అని బావ తెలుగులోనే బతిమాలాడు. ఆ భాష రాని భాయ్‌కి కూడా అర్థమైంది, గొలుసుతో, ఇనుప తీగతో ఎలాగో బిగించి కట్టి ఇచ్చాడు. మరునాడు పొద్దున రెండు వరుసలు కోసింది. మూడో వరుసలో గొలుసు తెగి, కత్తులు నేలలో దిగి, సరిగ్గా మేనేజరు విల్లా ముందు పచ్చికలో నాగలి చాలులాగా బెత్తెడు లోతు గాడి తీసి ఆగిపోయింది.

ఇక నూకుడు మిషన్లే గతి. నేను ఒకటి అందుకుని సగం మైదానం కోశానో లేదో, కఫీల్ పికప్ గేటులోకి రావడం కనబడింది. బావ గబగబా వచ్చి, "నువ్వు జరుగు" అని నా చేతిలోంచి మిషన్ లాక్కున్నాడు. నడుము బాగానే ఉందని, ఇంకా నూకగలనని కఫీల్ కళ్లారా చూడాలి. ఇరవై గజాలు నిటారుగా, చాలా వేగంగా పోయాడు. మలుపు దగ్గర ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలబడ్డాడు. పడ్డాడు గానీ కమ్మీ వదల్లేదు. వదిలితే ఇంజను ఆగుతుంది, ఆగితే ఓడిపోయినట్టని అనుకున్నాడో ఏమో, మోకాళ్ల మీద ఉండి, పళ్లు బిగించి, దాన్ని నొక్కి పట్టుకునే ఉన్నాడు. మిషన్ ఉన్నచోటే గర్జిస్తోంది. ఆ వేళ్లు ఒక్కొక్కటీ నేనే విప్పాను. కఫీల్ నీళ్ల సీసా తెచ్చి తన చేత్తోనే తాగించి, "ఖలాస్ బాబా, ఖలాస్. అబ్ ఘర్ జావో" అన్నాడు, అయిపోయింది, ఇక ఇంటికి పొమ్మని. కోపంగా అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బావ ఊరికి వెళ్లిపోయిన రెండు నెలలకు, కాంట్రాక్టు ఎలాగో నిలిచాక, కఫీల్ ఇంకో పాత మిషన్ కొన్నాడు. దాని సీటు మీద నన్ను కూర్చోబెట్టాడు. నేను దాని మీద ఏనాడూ చుక్క నీరు పడనివ్వలేదు. పొడి బ్రష్షుతో దులిపి, అడుగున పాత ఆయిలు పూసి, గోనెపట్టా కప్పేవాణ్ని. ఆరేళ్లు నడిచింది. మేనకోడలి చదువు పూర్తయ్యేదాకా నేనే డబ్బు పంపాను, అది వేరే సంగతి, దానితో నా బాకీ తీరలేదు.

శుక్రవారాలు కార్డు గీకి ఫోన్ చేస్తే బావ ముందు నన్ను అడిగేది కొత్త మిషన్ గురించే. ఎవరు నడుపుతున్నారని అడిగితే, ఎవరో బెంగాలీ అని చెప్పాను.  అవతల నుంచి బావ, "రోజు కడగమను వాన్ని, పాడువెట్టుకుంటడు" అన్నాడు. సరే బావా, చెబుతాను అన్నాను.

ఇప్పుడు మా వీధిలోంచి గల్ఫ్ పోయిన పిల్లలు రోజూ ఇంటివాళ్లకు ముఖం చూపిస్తూ మాట్లాడుతున్నారు. తినే కంచం, పడుకునే మంచం, ఎక్కిన బండి అన్నీ చూపిస్తారు. మంచిదే, మా అక్క లాంటి వాళ్లు ఎన్నేళ్లు గొంతు మాత్రమే విని బతికారో నాకు తెలుసు. కానీ ఆ రోజుల్లో ఫోన్‌లో గొంతు మాత్రమే వినిపించేది కాబట్టి, నేను ఎవరి సీటులో కూర్చుని మాట్లాడుతున్నానో బావకు కనబడలేదు. ఇప్పుడైతే ఎవరో బెంగాలీ అన్న ఆ ఒక్క అబద్ధం కూడా ఆయనకు మిగల్చగలిగేవాణ్ని కాదు.