ఎవరు ముందు ఆగారు

మా బ్యాండు సారు పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. పంపింది నర్సింలు. బడిలో ఉన్నప్పుడు పెద్ద డ్రమ్ము కొట్టేవాడు, ఇప్పుడు తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడుపుతున్నాడు. మా పాత బ్యాండు వాళ్ల గ్రూపులో "సార్ ఇక లేరు" అని పెట్టి, దాని కింద నవ్వే బొమ్మ పెట్టాడు. ఏడ్చే బొమ్మ పెట్టబోతే వేలు తప్పిందట. ఐదు నిమిషాల్లో తీసేశాడు గానీ అప్పటికే గ్రూపులో సగం మంది చూశారు. సారు ఉండి ఉంటే "నువ్వెప్పుడూ ఒక దెబ్బ అటో ఇటో" అని విసుక్కునేవారు.

ఆ సమయానికి నేను వికారాబాద్‌లో నా టైలరింగ్ షాపులో జాకెట్టు ముక్క కత్తిరిస్తున్నాను. కత్తెర పక్కన పెట్టేసి కూచుండిపోయాను. జాకెట్టు కోసం వచ్చినావిడ అడిగింది.

"ఎవరు పోయిండ్రమ్మా?"

"మా సార్."

"మంచిగ చెప్తుండెనా సదువు?"

"సదువు కాదు, డ్రమ్ము. మస్తు సతాయిస్తుండె."

ఆవిడ నన్ను వింతగా చూసింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. కానీ మా సారు గురించి మంచి మాత్రమే చెప్తే అది ఆయన గురించి చెప్పినట్టే కాదు. మమ్మల్ని విసిగించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

తాండూరులో మా బడి బ్యాండులో నేను ఎనిమిదో తరగతిలో చేరాను. డ్రమ్ము మెడలో వేసుకుని బజారులో నడవాలని నా కోరిక. మొదటి రోజు సారు మా చేతికి డ్రమ్ము ఇవ్వలేదు. పాలిష్ యూనిట్ నుంచి తెచ్చిన నాపరాయి ముక్క ఒకటి, రెండు పుల్లలు ఇచ్చారు. దాని మీదే కొట్టమన్నారు. ఆరు నెలలు రాయి మీదే కొట్టాం. ఎప్పుడు సార్ డ్రమ్ము అంటే, "రాయిని పలికించినోనికి తోలును పలికించుడెంత" అనేవారు. నేను ఇంట్లో కూడా ఆ ముక్క ముందేసుకుని టకటకలాడిస్తుంటే మా అమ్మకు తలనొప్పి వచ్చేది. "డ్రమ్ము నేర్పుతనని రాళ్లు కొట్టిపిస్తున్నడు. రేపు క్వారీల పనికి తోలుతడేమో" అని ఒక వారం నా పుల్లలు బియ్యం డబ్బాలో దాచేసింది.

ఆయనకు మా పేర్లు గుర్తుండేవి కావు, లేదా గుర్తు పెట్టుకోవడం ఇష్టముండేది కాదు. సైడ్ డ్రమ్ము కొట్టే నేను "ముందు వరస కుడి కొస". నర్సింలు "పెద్ద డ్రమ్ము". తాళాలు వాయించే సునీత "కంచు". నా పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా బజారులో కనబడితే "ఏం ముందు వరస, ఎట్లున్నవ్" అనే పలకరించారు. పక్కన మా ఆయన ఏ వరస గురించి అడుగుతున్నారో తెలియక బిక్కమొహం వేశాడు.

సారుది దౌల్తాబాద్ అవతల, కర్ణాటకకు దగ్గరి ఊరు. లెక్క కన్నడంలో పెట్టేవారు, ఒందు, ఎరడు, మూరు అని. కోపమొస్తే తిట్లు కూడా అందులోనే. మాకు అర్థమయ్యేవి కావు కాబట్టి పెద్దగా బాధ ఉండేది కాదు. కానీ సునీత వాళ్ల అమ్మమ్మది ఆ పక్కే. సునీత ప్రతి తిట్టునూ శ్రద్ధగా తెలుగులో చెప్పి మాకు కూడా అందేలా చూసేది. ఇప్పుడది కొడంగల్‌లో టీచరు. ఆ పిల్లల మీద నాకు జాలి.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటి. ఎవరైనా ఒక దెబ్బ తప్పి, దాన్ని సరిచేయబోయి ఇంకో నాలుగు తప్పితే, "పోయిన దెబ్బను మల్ల కొట్టలేవు. వచ్చేదాన్ని కొట్టు" అనేవారు. మంచి మాటే. కానీ అదే మాట గంటలో ఇరవైసార్లు వింటే డ్రమ్ము తీసి ఎవరి మీదైనా వేయాలనిపించేది.

ఇక రుమాలు. డ్రమ్ములన్నీ మోగుతుంటే ఆగమని అరిచినా వినబడదు. ఈల వేయడం ఆయనకు పడదు, ఈల పోలీసోళ్లది అనేవారు. అందుకని ఒక గుర్తు పెట్టారు. ఆయన జేబులోంచి గళ్ల రుమాలు తీసి తల మీదికి ఎత్తితే బ్యాండు మొత్తం ఒక్క దెబ్బకు ఆగిపోవాలి. ముందు వరస ఆయన చేతిని చూడాలి, వెనక వరసలు ముందు వరసను వినాలి. మొదలుపెట్టడం కన్నా ఆగడమే రెండేళ్లు నేర్పారు. చివరికి ఆయన చెయ్యి జేబు దగ్గరికి పోతే చాలు, మా చేతులు బిగుసుకునేవి.

పదో తరగతిలో వికారాబాద్‌లో డివిజన్ పోటీలు. గెలిచిన బడి హైదరాబాద్‌లో పెరేడుకు పోతుంది. పొద్దున బయల్దేరే ముందు బూట్లకు తెల్లసుద్ద అయిపోయింది. సారు ఏమాత్రం తడబడకుండా రాతి పొడి కలిపి పూయించారు. ఆరాక చూస్తే బూట్లన్నీ బూడిద రంగు. మైదానంలో వేరే బడుల పిల్లలు మా కాళ్లకేసి చూసి నవ్వారు. "కాళ్లను జూసి ఎవ్వడు మార్కులెయ్యడు, చెవులు పెట్టి ఇంటరు" అన్నారాయన. నిజానికి కాళ్లకు కూడా మార్కులున్నాయి, కాగితం మీద రాసుంది.

అయినా ఆ రోజు మేం కొట్టినట్టు ఇంకెప్పుడూ కొట్టలేదు. మైదానం చుట్టి వస్తుంటే మా దెబ్బ వేరు, మా అడుగు వేరు అనిపించలేదు. జడ్జీల ముందు గీసిన గీత నలభై అడుగుల దూరంలో ఉంది. అక్కడికి చేరాక ఆగాలి. సారు మాకు ముందు పక్కగా నడుస్తున్నారు. మధ్యాహ్నపు ఎండ. ఆయన చెయ్యి జేబులోకి పోయింది, రుమాలు బయటికి వచ్చింది. తల మీదికి పోలేదు. నుదుటి దాకా పోయింది, అంతే. నేను చూశాను. ఇది గుర్తు కాదని నాకు తెలుసు. తెలిసి కూడా నా పుల్లలు ఆగిపోయాయి.

బ్యాండు మొత్తం ఆగిపోయింది. ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ జారలేదు. అంత శుభ్రంగా మేం ఎన్నడూ ఆగలేదు. గీత ఇంకా నలభై అడుగుల దూరంలో ఉంది. జడ్జీలు మొహాలు చూసుకున్నారు. కప్పు ఇంకో బడికి పోయింది.

మరునాడు హెడ్మాస్టరు గదిలో సారు, "నేనే రుమాలు ముందుగ ఎత్తిన. తప్పు నాది, పిల్లలది గాదు" అని చెప్పారు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడాదే బ్యాండును ఆయన చేతిలోంచి తీసి ఇంకో సారుకిచ్చారు. రిటైరయ్యే దాకా ఆయన కబడ్డీ, ఖోఖో ఆడించారు. సాయంత్రం బ్యాండు మోగుతుంటే మైదానం ఆ చివర నిలబడి వినేవారట. ఆ బ్యాండు నా చేతులు ఆగబట్టే పోయిందని నాకు తెలుసు. కుడి కొసను చూసే అందరూ వరస సర్దుకుంటారు. నేను ఆగితే అందరూ ఆగారు.

ఆయనకు చెప్పేద్దామని ఎన్నిసార్లు పోయానో. పదో తరగతి పాసైనప్పుడు పోయాను. "సార్, ఆ రోజు" అనగానే "చాయ్ తాగినవా" అన్నారు. పెళ్లి కార్డు ఇవ్వడానికి పోయినప్పుడు మళ్లీ ఎత్తాను, బ్యాండు మేళం ఎవరిదని అడిగారు. పెళ్లికొచ్చి ఆ మేళం పని కూడా పట్టారు. నడి ఎండలో బరాత్ ఆపించి, డ్రమ్ము తోలు వదులుందని తాళ్లు బిగిస్తూ కూర్చున్నారు. పెళ్లికొడుకు గుర్రం మీద ఇరవై నిమిషాలు ఉడికిపోయాడు. మా అత్తమ్మ ఇప్పటికీ ఏదైనా మాట మీదికి వస్తే ఆ ఇరవై నిమిషాలు తీస్తుంది.

ఆయన రిటైరయ్యాక ఒకసారి పట్టుబట్టి కూర్చున్నాను. చెప్పేదాకా లేవనన్నాను. సగం చెప్పానో లేదో, చెయ్యెత్తి ఆపేశారు.

"నాకు ఎరికే. ఎవ్వరికి చెప్పకు. చాయ్ తాగు."

అంతే. చాయ్ తాగి వచ్చాను. క్షమించారో లేదో తెలియదు. కోపముందో లేదో తెలియదు. ఆయనకు తెలుసన్నది మాత్రం తెలిసింది, అది ఇంకా బరువైంది. తరవాత తాండూరు పోయినప్పుడల్లా చూసి వచ్చేదాన్ని, ఆ మాట మాత్రం ఎత్తనిచ్చేవారు కాదు. మనసులో ముల్లు తీయించుకుందామని పోతే చాయ్ పోసి పంపే మనిషితో ఏం చేయగలం?

మట్టి చేసిన రోజు నేను అందుకోలేకపోయాను. మూడో రోజు వాళ్లింటి దగ్గర చర్చి వాళ్లు ఆదరణ కూడిక పెట్టారు. మా బ్యాండు వాళ్లం తొమ్మిదిమందిమి పోయాం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చన్నారు. మైకు ముందుకు నర్సింలు లేచాడు. గ్రూపులో వందసార్లు చెప్పిన కథే చెప్పాడు. సారు తొందరపడి రుమాలు తీసిండు, మేం ఆగినం, కప్పు పోయింది, ఇంటికి నవ్వుకుంట వచ్చినం అన్నాడు. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. గోడకు ఆనుకుని కూర్చున్న సారు భార్య నవ్వలేదు.

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి మీద, ఆయన చేయని తప్పు, ఆయన ఇంట్లోనే. లేచి మైకు లాక్కున్నాను.

"సార్ రుమాలు ఎత్తలే. మొహం తుడుసుకుండు. నేను జూసిన. జూసి గూడ ఆపిన. తప్పు నాది. ఇన్నేండ్లు నోరు మూసుకున్న."

ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని తల దించుకుని నిలబడ్డాను. అప్పుడు నర్సింలు అన్నాడు, కోపంగా.

"నువ్వెట్ల ఆపుతవ్? ఆపింది నేను."

"ఏంది?"

"పెద్ద డ్రమ్ము ఆగితెనే గద బ్యాండు ఆగేది. సైడ్ డ్రమ్మును ఎవడు ఇంటడు? నేను ఆపిన. సార్‌కు చెప్పిన గూడ. ఎవ్వరికి చెప్పకు అన్నడు. అందుకే గా కథ చెప్పుకుంట తిరుగుతున్న, నా మీద ఎవ్వనికి అనుమానం రావద్దని."

సునీత చాప మీంచి లేచింది. "ఇద్దరు ఊకోండ్రి. నా తాళాలు ముందు ఆగినయ్. నాకు గూడ గదే చెప్పిండు. ఎవ్వరికి చెప్పకు, చాయ్ తాగు అని."

వెనక నుంచి ఇంకో ఇద్దరు మెల్లగా చేతులెత్తారు. వాళ్లు వెనక వరస వాళ్లు, ఆయన చెయ్యి వాళ్లకు కనబడే అవకాశమే లేదు. అయినా వాళ్లూ పోయి ఒప్పుకున్నారట, వాళ్లకూ చాయ్ పోశారట.

ఇంత వయసొచ్చిన వాళ్లం, ఆదరణ కూడికలో, పాస్టరుగారి ముందు, ఎవరు ముందు ఆగారన్న దాని మీద పావుగంట కొట్లాడుకున్నాం. నా తప్పును నా చేతిలోంచి లాక్కుంటున్నారని నాకు ఉక్రోషం వచ్చింది కూడా, దాచుకోవడం ఎందుకు. దానితోపాటే సారు మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి అందరినీ కూర్చోబెట్టి, అందరూ ఒక్కటేసారి ఆగారని చెప్తే ఆయన సొమ్మేం పోయేది? ఇన్నేళ్లు ఒక్కొక్కరం ఒంటరిగా మోశాం గదా.

సారు భార్య దగ్గరికి పోయి అడిగాను. "అమ్మా, నీకన్న చెప్పిండా, అసలు రుమాలు ఎందుకు తీసిండో?"

మేం బాగా కొట్టామని కళ్లు చెమ్మగిల్లాయంటుందేమో అనుకున్నాను. అలాగే అనాలని ఆశపడ్డాను.

"చెమట, బిడ్డా. ఆ దినం ఎండ గట్ల కొట్టె" అంది ఆవిడ. మళ్లీ తనే అంది. "మీరు ఒక్కొక్కరు వచ్చి నేనే ఆపిన అని చెప్పి పోయినంక, గదే ముచ్చట నాకు చెప్పుకుంట కూసుంటుండె. ఇంతమంది వచ్చిన్రు, ఒక్కరన్న పక్కోని పేరు చెప్పలేదే అని. బ్యాండు పోయిందని ఎన్నడు బాధపడంగ నేను జూడలే."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. మూడు రోజులుగా రానిది. ఆ మాట ఆయన నాతో అని ఉంటే ఎంత బాగుండేదో. అనకపోవడమే ఆయన పద్ధతి, ఆ పద్ధతితో నేను ఎన్నడూ రాజీపడలేదు, ఇప్పుడూ పడను. అయినా ఆయన లేని తాండూరుకు ఇక ఎందుకు రావాలో నాకు తెలియలేదు.

సాయంత్రం తొమ్మిదిమందిమి బస్టాండుకు నడిచి బయల్దేరాం. ఎవరి మీద ఎవరికీ కోపం తగ్గలేదు. కొంతదూరం పోయాక ఎదురుగా వచ్చే ఆటో అతను బండి పక్కకు తీసుకుని మమ్మల్నే చూస్తూ ఉండిపోయాడు. ఎందుకా అని కిందికి చూశాను. అందరివీ ఎడమ కాళ్లు ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి పడుతున్నాయి. నాకు చిరాకేసింది. కావాలని ఒక అడుగు చిన్నగా వేసి కాలు మార్చాను. నా పక్కన సునీత కూడా అదే క్షణంలో మార్చింది. నర్సింలు మార్చాడు. పది అడుగులు పోయాక చూస్తే మళ్లీ అందరిదీ ఎడమ కాలే.