బెల్లం తిన్న కణాలు

ఎదుగుదల ఆగిపోయిన కణాలలో ఏ జన్యువులు పనిచేస్తాయన్నది నా పరిశోధనాంశం. మా వంశంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి వ్యక్తిని కనుక, దానిని ఖానాపురం హవేలి అనే ఊళ్లోని మా ఇంట్లో వివరించే గౌరవం కూడా నాకే దక్కింది.

“పెరుగుడు ఆగినంక ఇంకేం పనుంటది బిడ్డా?” అన్నాడు, బొగ్గుగనిలో పనిచేసి పదవీ విరమణ పొందిన నాన్న.

ఆహారం అయిపోగానే కణం విభజన మానేస్తుందనీ, అంతవరకు ఊరకున్న కొన్ని జన్యువులు అప్పుడే పనిలోకి దిగి, దాని గోడను దళసరి చేసి, వేడిని తట్టుకునే శక్తినిస్తాయనీ చెప్పాను.

“అచ్చం మీ నాయిన లెక్కనే,” అన్నది అమ్మ. “డ్యూటీకి పోయినన్ని దినాలు నోరు లేవలే. రిటైరైనంక గల్లీ అంతటికీ సుద్దులు చెప్తుండు.”

మా ఆచార్యులెవరూ ఇంత స్పష్టమైన ఉదాహరణ ఇవ్వలేదు.

వానాకాలంలో ప్రయోగశాల పైకప్పు విజ్ఞానశాస్త్రానికి తన వంతు సేవగా కురవసాగింది. ఎవరి నమూనాలను వారే కాపాడుకోవాలని ఆదేశం వచ్చింది. భద్రాచలం అడవిపల్లెలో సేకరించిన తాటికల్లు నుంచి వేరుచేసి, వారంగా పస్తులుంచిన ఈస్ట్ కణాల ఫ్లాస్కును తెచ్చి మా వంటింటి అలమారలో పెట్టాను. సోమవారం వాటిని పరీక్షించాలి. ఆ ఫలితం చూపకపోతే కమిటీ నా పరిశోధన గడువును పొడిగించదు.

ఆదివారం ఉదయం ఫ్లాస్కు నిండా నురగ.

“సప్పగ పడున్నది, ఒక్క పొంగు లేదు. మూతికున్న దూది తీసి గింత బెల్లం ఏసిన,” అన్నది అమ్మ, దోసెల పిండిని గట్టెక్కించినంత తృప్తిగా. “ఎట్ల పొంగిందో చూడు!”

“అమ్మా, అవి ఆకలితోటే ఉండాలె.”

“నా ఇంట్లనా?”

బెల్లం అందగానే నా ఆకలి జన్యువులన్నీ మర్యాదగా సెలవు తీసుకుని ఉంటాయి. కమిటీకి ఉన్నదున్నట్టు విన్నవించాను. పెద్దలు జన్యువుల గురించి కన్నా బెల్లం గురించే ఎక్కువసేపు చర్చించి, ఒక్క నెల గడువు దయచేశారు.

పైకప్పు సేవ ఇంకా ముగియలేదు. రెండో ఫ్లాస్కూ ఇంటికే వచ్చింది. ఈసారి నాన్న అలమారకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“గింత గంజన్న పోయొద్దా?” అన్నది అమ్మ, గ్లాసు పట్టుకుని.

“డ్యూటీల ఉన్న,” అన్నాడు నాన్న. “జరుగు.”