సారు చూసిన పగడాలు

తిరుపతిలో నేను జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివేటప్పుడు మాకు పగడపు జీవుల పాఠం చెప్పిన సారుకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లుగా అదే పాఠం. తెల్లటి ఎండు పగడపు ముక్కను బల్ల మీద పెట్టి, "ఇది రాయి కాదు, ఊరు. ఒక్కో చిల్లూ ఒక్కో ఇల్లు" అనేవారు.

ఎనభైల మొదట్లో మమ్మల్ని రామేశ్వరం దగ్గరి తీరానికి తీసుకుపోయారు. ఒక దీవి పక్కన పడవ ఆగింది. అక్కడ లోతు రెండు నిలువులు కూడా లేదు. ఉన్నది ఒక్కటే గాలి సిలిండరు. దాన్ని వీపుకు కట్టి, ముఖానికి గాజు తొడుగు పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే దించడానికి, ఒకప్పుడు సముద్రంలో మునిగి శంఖాలు ఏరి బతికిన తమిళ పెద్దాయన ఒకరు వచ్చారు. ఈత వచ్చింది నాకొక్కదానికే కాబట్టి ముందు నన్ను దించారు.

"నోటితో పీల్చు, నోటితో వదులు. ఊపిరి బిగబట్టొద్దు" అని తమిళంలో చెప్పారు. తల మునగగానే నేను ఊపిరే బిగబట్టాను. సిలిండరు లేని ఆయన మాత్రం తన ఊపిరి బిగబట్టి, నా మణికట్టు పట్టుకుని, రెండో చేతిని నా ముఖం ముందు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించారు. ఆ చేతిని చూస్తూ పీల్చాను, వదిలాను. అప్పుడు కనబడ్డాయి: ఊదా, గోధుమ, పసుపు కొమ్మలు, వాటి సందుల్లో చారల చేపలు.

పైకి రాగానే సారు పడవ అంచు మీంచి వంగి అడిగారు.

"ఎట్లుండాది పాపా?"

"మీరే చూడండి సార్."

"నాకు ఈత రాదు." గొంతు తగ్గించారు. "ఇన్నేండ్లు చెప్పినానే గానీ, బతికుండే పగడాన్ని ఒక్కసారి గూడా సూల్లేదు."

"ఈత అక్కర్లేదు సార్. ఆయన చెయ్యి వదలరు."

కళ్లద్దాలు నా చేతికిచ్చి దిగారు. మొదటిసారి ఉక్కిరిబిక్కిరై పైకొచ్చి, పడవ తాడు పట్టుకుని, "నా వల్ల కాదు" అన్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. కాసేపటికి తనే మళ్లీ మునిగారు. అద్దాలు లేకుండా ఆయనకు జానెడు దూరమే కనబడుతుంది. ముఖం పగడానికి ఆనేంత దగ్గరగా పెట్టి ఉంటారు, బుడగలు చాలాసేపు ఒకే చోట లేచాయి.

పైకొచ్చాక ఆయన తాడు పట్టుకుని నా వైపు తిరిగారు.

"నా నీడ పడితే చిల్లులో ఉండే జీవి ముడుచుకునింది పాపా. కదలకుండా ఉంటే మళ్లా తెరుచుకునింది."

తెలిసిన విషయాన్ని చూడటం అంత కొత్తగా ఉంటుందని ఆయన ముఖం చూశాకే నాకు అర్థమైంది.

ఆ వేసవిలో ఆయన ఆదివారాలు రైలెక్కి పాకాలలో మా సేద్యపు బావికి వచ్చేవారు. నడుముకు ఎండు సొరకాయలు కట్టి మా నాయన ఈత నేర్పాడు. "కాళ్లాడించండి సారూ, మునిగిపోరులే!" అని గట్టు మీంచి అరిచేవాడు. నాలుగో ఆదివారం సారు సొరకాయలు విప్పేసి, ఒక్కరే బావిని అడ్డంగా ఈది దరి పట్టుకున్నారు.