గుంపులో పేర్లు పిలిచిన సార్

మొన్న బుధవారం పొద్దున మా ఇంగ్లీషు సార్ పోయారు. పాలకు తలుపు తీయలేదని పక్కింటివాళ్ళు నన్ను పిలిచారు. కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు. కబురు విన్నవాళ్ళు కూడా మా వీధిలో విననట్టే ఉండిపోయారు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఏడో తరగతితో చదువు మానేసి అంగడిలో కూర్చున్నవాణ్ణి. రోజు పద్దు తప్ప వేరే రాత తెలియదు. రిటైరయ్యాక సార్ సాయంత్రాలు అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, బెల్లం ముక్క చప్పరిస్తూ నాకో ఇంగ్లీషు మాట చెప్పేవారు. ఎక్కువగా చావు మాటలే. వాళ్ళ నాయన గనిలో బండ పేలి చనిపోయాడు. పైకి వచ్చింది ఒక బూటు, అందులో కాలు. కంపెనీ ఇచ్చిన కాగితంలో ‘ఫేటల్’ అని, అంటే ప్రాణం పోయిన ప్రమాదమని, రాసి ఉందట.

“లాటిన్‌లో ఆ మాటకు ‘ముందే పలికేసింది’ అని అర్థమప్పా. ఎవురో పైన పలికేసినాడంట, మా నాయన సచ్చిపోయినాడంట. ఇంగ మనుషులు చేసిందేముండాది?” అని నవ్వేవారు.

గుంపుగా కొట్టి చంపడాన్ని లించింగ్ అంటారనీ, ఆ మాట ఒక మనిషి ఇంటిపేరు నుంచి వచ్చిందంటారనీ కూడా ఆయనే చెప్పారు. “గుంపు చేసే పని ఒకడి పేరు మీద నిలిచిపోయింది. గుంపుకు పేరుండదు. అదే దాని బలం.”

కొన్నాళ్ళకు ఆ పని మా వీధిలోనే జరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు. మాలూరు ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా మనిషి ఒకడు ఇనుప ముక్కలు ఏరుకోవడానికి మా వీధి పక్కనున్న గనిమట్టి దిబ్బ ఎక్కాడు. అక్కడ దారి తప్పి ఏడుస్తున్న పిల్లను చెయ్యి పట్టుకుని దింపుకొచ్చి, ఎవరి పిల్ల అని తన భాషలో అడిగాడు. ఆ భాష మాకెవరికీ రాదు.

పిల్లను ఎత్తుకుపోతున్నాడనుకుని గుంపు మీద పడింది. మొదట చేతులతో కొట్టారు. తర్వాత డ్రిల్లు రాడ్లు తెచ్చారు. గనులు మూతపడ్డాక అవి ఇక్కడ ఇంటింటా పందిరి గుంజలయ్యాయి. ఎముక విరిగిన చప్పుడు అంగడి లోపలికి వినబడింది. అతను పళ్ళు ఉమ్ముతూ పిల్ల వైపే చెయ్యి చూపిస్తున్నాడు.

సార్ చెప్పుల్లేకుండా వచ్చి, పడినవాడికి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడ్డారు. ఒక రాడ్డు ఆయన భుజం పగలగొట్టింది. ఆయన అరవలేదు. క్లాసులో హాజరు పిలిచినట్టు పిలిచారు.

“మంజూ. సెల్వా. బాబూ.”

అందరూ ఆయన దగ్గర చదివిన కుర్రాళ్ళే. పేరు పడినవాడి చెయ్యి కిందికి దిగింది. ఒకడు అలవాటుకొద్దీ “ప్రెజెంట్ సార్” అన్నాడు.

ఆ మనిషి ఆస్పత్రి చేరకముందే చనిపోయాడు. పోలీసులు అడిగితే వీధంతా ఒకటే మాట: “గుంపు సార్, ఎవురి మొకాలూ కనపళ్ళేదు.” సార్ మాత్రం పిలిచిన పేర్లన్నీ చెప్పారు.

మంజు తల్లి ఆయన గడపలో మన్ను పోసింది. “నీ దగ్గర ఏబీసీడీ నేర్సుకున్న బిడ్డను ఉరికి పంపిస్తావా సారూ? నీకు నోరెట్లా వచ్చిందయ్యా?”

“ఉరి వద్దని నేనే అడుగుతానమ్మా. కొట్టలేదని మాత్రం చెప్పను.”

ఆ రోజు నుంచి ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. “వదిలేయండి సార్, వయసైపోయె” అన్నాను నేను.

“ఎక్సిక్యూషన్ అంటే తల తీయడమే అనుకుంటారప్పా. దాని పాత అర్థం ఆఖరిదాకా వెంట పోవడం. నేను పేర్లు పిలిచినాను కదా. ఇంగ ఆఖరిదాకా పోవాల్సిందే.”

చెయ్యి పైకెత్తలేని భుజంతో ప్రతి వాయిదాకూ కోర్టుకు పోయారు. సాక్ష్యం చెప్పారు. మంజు తల్లికి ఇచ్చిన మాట ప్రకారం ఉరి వద్దనీ చెప్పారు. తీర్పు ఇంకా రాలేదు.

బుధవారం పాడె మోయడానికి ముగ్గురమే ఉన్నాము. ఎదురింటి గడపలో మంజు తల్లి కూర్చుని చాలాసేపు చూసింది. వెనక బెయిలు మీద వచ్చిన కొడుకు నిలబడి ఉన్నాడు.

“ఏమి సూస్తావురా? పో. ఆయప్పను అట్లే పెట్టుకుంటారా ఎండలో?”

అతను వచ్చి నా పక్కన భుజం పెట్టాడు. దిబ్బ పక్కన మలుపు తిరుగుతుంటే గాలి లేచి బూడిదరంగు మట్టి మా అందరి మీదా పడింది. అతని కళ్ళలోనూ పడినట్టుంది, నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే పాడె ఒరుగుతుందని అలాగే నడిచాడు.