రెండు గోడల నడుమ ఇంటర్వెల్

1986. ఆర్మూర్‌లో పసుపు సీజన్. నేను టాకీసులో ఆపరేటర్‌ని, అంటే ప్రొజెక్టర్ నడిపేవాణ్ని. ఆ రోజు మ్యాట్నీకి రెండు వేల మంది జనం. సరే, మా హాల్లో పట్టేదే నాలుగు వందలు. అందులోనూ సగం కుర్చీలు ఖాళీ.

అప్పట్లో ఒకే ప్రింటుతో రెండు ఊళ్లలో ఆట నడిచేది. నిజామాబాద్‌లో ఆడిన రీళ్లు డబ్బాల్లో స్కూటర్ మీద మాకొచ్చేవి. ఆ రోజు ఫస్టాఫ్ అయింది, ఇంటర్వెల్ ఇచ్చాం, స్కూటర్ మాత్రం రాలేదు.

అరగంట చూసి, అంకాపూర్ భూమన్న మెట్లెక్కి నా గదికొచ్చాడు. కొత్తగా పెళ్లయింది, భార్య గంగామణిని సినిమాకు తీసుకొచ్చాడు. ఆ సాయంత్రమే బొంబాయి బస్సెక్కి, అటునుంచి దుబాయి పోవాలి.

"అన్నా, ఐదు గొట్టంగ నా బస్సు. గీ ఇంటర్వెల్ ఎప్పుడైపోతది? గంగామణి బొమ్మకు వచ్చుడే మొదటిసారి. సగమే సూపెట్టి పోవాల్నా?"

"ఇంటర్వెల్ అంటే ఏందో ఎరుకనా నీకు?" అన్నాను, స్కూటర్ వచ్చేదాకా మాటల్లో పెడదామని.

"మిర్చీలు తినుడు."

"కాదు. అది లాటిన్ మాట. ఇంటర్ అంటే నడుమ, వాల్లుం అంటే కోటగోడ. రెండు గోడల నడుమ జాగ అన్నట్టు. పదేండ్లు పుస్తకాలు తిరగేసి కనుక్కున్న."

నిజానికి హైస్కూల్ ఇంగ్లీషు సారు ముందు వారమే చాయ్ తాగుతూ చెప్పాడు. ఆ చాయ్ కూడా ఆయనే తాగించాడు.

"గోడల ముచ్చట నాకెందుకే. స్కూటర్ ముచ్చట చెప్పు."

దారిలో పంక్చరైందట. అది వచ్చేలోగానే భూమన్న బస్సు వేళయింది. పాపమనిపించి, గేటు దగ్గర నిలబెట్టి సెకండాఫ్ నోటితోనే చెప్పాను. హీరో పులితో కొట్లాడతాడన్నాను. ఆ సినిమాలో పులి కాదు గదా, మేక కూడా లేదు. గంగామణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండేళ్లకు భూమన్న సెలవు మీద వచ్చి, భార్యతో మళ్లీ మా టాకీసుకొచ్చాడు.

"దుబాయిల వీడియో జూసిన అన్నా. పులి ఏడున్నదే?"

గంగామణి అందుకుంది.

"పులి లేకుంటె ఏమాయె? ఇంట్ల అత్త, మామ, ముగ్గురు మరుదులు. పెండ్లయినంక మేమిద్దరం కూసోని మాట్లాడుకున్నది గా ఇంటర్వెల్లనే. ఇయ్యాల గూడ జర లేటు చెయ్యరాదు, అన్నా?"

గోడల నడుమ ఉన్నది ఉత్త ఖాళీ జాగ కాదని అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు ఇంటర్వెల్ రెండు గంటలిచ్చాను.

సరే, ఇరవై నిమిషాలు. అయినా మామూలుకు అది రెట్టింపు.